డైటీషియన్ చదువుకు దారి ఏది?

"మేడమ్మా, మా పాప బి.యస్సీ. అయిపోయింది. ఫోన్లో ఏదో కోర్సు చూసింది. ఆరు నెలలకే డైటీషియన్ అని సర్టిఫికెట్ ఇస్తారంట. అరవై వేలు కట్టమంటా ఉండారు. కట్టమంటారా?"

డయాలిసిస్ గది బయట బెంచీ మీద కూర్చున్న ఒక తల్లి మా ఆహార విభాగంలోని మేడమ్‌ను అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు అలిపిరి దగ్గర టీ బంకు ఉంది. భర్తకు వారానికి రెండుసార్లు డయాలిసిస్. అరవై వేలంటే ఆ ఇంటికి చిన్న మాట కాదు.

ఆ అమ్మాయి ఏడాదిగా నాన్న భోజనం తానే చూసుకుంటోంది. ఎండాకాలంలో చూడవచ్చిన బంధువులు ప్రేమతో కొబ్బరి బొండాలు తెస్తే, "నాన్నకు ఇవి వద్దు మామా" అని పక్కన పెట్టింది. అప్పుడు బంధువులు నొచ్చుకున్నారు. కానీ ఆ అమ్మాయి చేసిందే సరైన పని. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు పనిచేయని మనిషికి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె కొట్టుకోవడం మీదే దెబ్బ పడుతుంది. ఈ విషయం మా విభాగంలో విన్న రోజు నుంచి ఆ అమ్మాయికి ఈ చదువు మీద మనసు పడింది.

మరి అరవై వేలు కట్టాలా, వద్దా? ఇదే ప్రశ్న ఇంకా కొందరు తల్లిదండ్రులు కూడా అడిగారు. అందుకే ఈ సంచికలో వివరంగా రాస్తున్నాము.

ఆరు నెలలు ఎందుకు చాలవు?

డైటీషియన్ అంటే "ఇది తినండి, అది తినకండి" అని కాగితం ఇచ్చే మనిషి అని చాలామంది అనుకుంటారు. ఒక్క ఉదాహరణ చూడండి.

మూత్రపిండాల జబ్బు ఉండి ఇంకా డయాలిసిస్ దాకా రాని రోగికి మాంసకృత్తులు తగ్గించమని సాధారణంగా చెబుతారు. శరీర బరువులో కిలోకు సుమారు 0.6 గ్రాములు అనుకోండి. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 36 గ్రాములు. అదే మనిషికి డయాలిసిస్ మొదలైతే లెక్క తిరగబడుతుంది. డయాలిసిస్‌లో మాంసకృత్తులు కొంత పోతాయి గనుక కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. అంటే రోజుకు 60 నుంచి 72 గ్రాములు. జబ్బు పేరు ఒకటే, మనిషి ఒకడే, కానీ ఆహారం దాదాపు రెట్టింపు. పాత కాగితం పట్టుకుని గుడ్డు కూడా మానేసిన డయాలిసిస్ రోగి రోజు రోజుకూ నీరసించిపోతాడు.

ఇంకొకటి. "ఉప్పు తగ్గించండి" అంటే కొందరు అంగడిలో దొరికే తక్కువ సోడియం ఉప్పు కొంటారు. అందులో సోడియం బదులు పొటాషియం కలిపి ఉంటుంది. రక్తపోటు మాత్రమే ఉన్నవారికి అది మేలు చేయవచ్చు. మూత్రపిండాల రోగికి అది ప్రమాదం.

మన ఇళ్ళలోని సంగటి సంగతే చూడండి. రాగులు మంచివే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కానీ రాగుల్లో పిండిపదార్థం కూడా బియ్యానికి కొంచెం తక్కువగా ఉంటుందంతే. "షుగరుకు రాగి మంచిది" అని రెండు పెద్ద ముద్దలు తింటే షుగరు పెరగక మానదు. ఎంత ముద్ద, దానితో ఏ కూర, ఏ పూట అని లెక్క చెప్పాలి. రోగి వేసుకునే మాత్ర, ఇన్సులిన్ చూసి చెప్పాలి.

ఇవన్నీ తెలియాలంటే శరీర ధర్మశాస్త్రం, జీవరసాయన శాస్త్రం, సూక్ష్మజీవుల శాస్త్రం, ఆహార శాస్త్రం చదవాలి. తర్వాత ఆసుపత్రిలో పెద్దవారి పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు ఆసక్తి పెంచగలదు. ఇంటి వంట బాగు చేసుకోవడానికి పనికిరావచ్చు. కానీ ఆసుపత్రిలో రోగి ఆహారాన్ని నిర్ణయించే అర్హత దానివల్ల రాదు.

దారులు ఒకటి కాదు

మన తిరుపతి వారికి ఒక సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. కొండకు అలిపిరి నుంచి నడిస్తే 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిన పోతే మెట్లు తక్కువ. నడవలేనివారు ఘాట్ రోడ్డు మీద బస్సులో పోతారు. దారులు వేరైనా చేరేచోటు ఒకటే. డైటీషియన్ చదువు కూడా అంతే. ఇంటర్ నుంచి నేరుగా వచ్చేవారు ఉన్నారు. మధ్యలో కాలేజీ మారి వచ్చేవారు ఉన్నారు. నర్సింగ్ నుంచి, వేరే బి.యస్సీ. నుంచి వచ్చేవారూ ఉన్నారు. మీ పాప లేక బాబు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో చూసుకోండి.

పదవ తరగతి అయినవారు

అందరికంటే సులభమైన దారి వీరిదే. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. తీసుకోవాలి. తర్వాత వచ్చే చదువంతా రసాయన, జీవశాస్త్రాల మీదే నిలబడుతుంది.

కొంతమంది పిల్లలు త్వరగా ఉద్యోగం రావాలని ఇంటర్‌లో వొకేషనల్ కోర్సు తీసుకుంటారు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు గానీ, ఆరోగ్య కార్యకర్త కోర్సు గానీ చదువుతారు. ఆ పిల్లలకు దారి మూసుకుపోయిందని అనుకోవద్దు. వొకేషనల్ విద్యార్థుల కోసం ఇంటర్ బోర్డు బ్రిడ్జి కోర్సు నడుపుతుంది. ఆ సబ్జెక్టుల పరీక్షలు కూడా రాసి పాసైతే బి.యస్సీ.లో చేరడానికి అర్హత వస్తుంది. ఈ మాట తెలియక ఆగిపోయిన పిల్లలు ఉన్నారు. కాలేజీలో చేరిన రోజే ప్రిన్సిపాల్‌ను అడగండి.

ఇంటర్ అయినవారు

రాష్ట్రంలో డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. పోషకాహారం, హోమ్ సైన్స్, ఆహార శాస్త్రం అనే పేర్లతో బి.యస్సీ. కోర్సులు ఉంటాయి. పేరు కంటే లోపల ఏముందో చూడండి. రసాయన శాస్త్రం, శరీర ధర్మశాస్త్రం, చికిత్సా పోషణ ఉన్నాయా? ప్రయోగశాల ఉందా?

ఇంకొక దారి వ్యవసాయ విశ్వవిద్యాలయం. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరులో నాలుగేళ్ళ బి.యస్సీ. ఆనర్స్ కమ్యూనిటీ సైన్స్ నడుపుతోంది. పూర్వం దీన్నే హోమ్ సైన్స్ అనేవారు. ఇందులో ఆహారం, పోషణ ముఖ్యమైన భాగం. పల్లెల్లో కొంతకాలం ఉండి పనిచేసే శిక్షణ కూడా ఉంటుంది.

డిగ్రీ పద్ధతులు ఈ మధ్య తరచుగా మారుతున్నాయని మరచిపోవద్దు. మన రాష్ట్రంలో 2020-21 నుంచి నాలుగో సంవత్సరం ఆనర్స్ చదివే వీలు వచ్చింది. 2023-24లో ఒక మేజర్, ఒక మైనర్ అనే పద్ధతి పెట్టారు. కాబట్టి అక్క చదివిన పద్ధతే చెల్లెలికి ఉంటుందని అనుకోకుండా ఆ ఏటి నిబంధనలు అడిగి తెలుసుకోవాలి.

మధ్యలో కాలేజీ మారాలంటే

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. నాన్నకు బదిలీ అవుతుంది. పెళ్ళయి వేరే ఊరికి పోవలసి వస్తుంది. లేదా రెండో సంవత్సరంలో, "నేను చదవాల్సింది ఇది కాదు, పోషకాహారం" అని తెలుస్తుంది. అప్పుడేం చేయాలి?

2020 నాటి జాతీయ విద్యా విధానం తర్వాత విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యు.జి.సి., 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అనే ఏర్పాటు తెచ్చింది. పోస్టాఫీసు పాస్‌బుక్కులో డబ్బు జమ అయినట్టు, పాసైన ప్రతి సబ్జెక్టుకు క్రెడిట్లు విద్యార్థి ఖాతాలో జమ అవుతాయి. కాలేజీ మారినప్పుడు ఆ క్రెడిట్లు వెంట తీసుకుపోవచ్చు. సాధారణంగా అవి 7 సంవత్సరాల వరకు చెల్లుతాయి. డిగ్రీ ఇచ్చే సంస్థలో మాత్రం కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలని 2021 నిబంధనల్లో ఉంది.

వినడానికి సులభంగానే ఉంది. కానీ జమ అయిన క్రెడిట్లన్నీ కొత్త కోర్సుకు పనికిరావు. బి.కాం.లో సంపాదించిన అకౌంటెన్సీ క్రెడిట్లు డైటెటిక్స్‌లో రసాయన శాస్త్రానికి బదులు కావు. చేర్చుకునే విశ్వవిద్యాలయం రెండు సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఏ సబ్జెక్టు సరిపోయింది, ఏది మళ్ళీ చదవాలి అని చెబుతుంది. పైగా అక్కడ ఖాళీ సీటు ఉండాలి.

అందుకే మా సలహా ఇది. పాత కాలేజీలో టి.సి. తీసుకోక ముందే కొత్త విశ్వవిద్యాలయం నుంచి రాతపూర్వకంగా మూడు సంగతులు తెలుసుకోండి. సీటు ఉందా? ఏ ఏ సబ్జెక్టులు ఒప్పుకుంటారు? ఏ సంవత్సరంలో చేర్చుకుంటారు? "వచ్చి చేరండి, చూద్దాం" అన్న నోటిమాట మీద టి.సి. తీసుకుంటే పిల్ల రెండింటికీ చెడుతుంది. విశ్వవిద్యాలయం మారితే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. చదివిన ప్రతి సబ్జెక్టు సిలబస్ కాపీ, మార్కుల జాబితాలు జాగ్రత్తగా ఒక ఫైలులో దాచండి.

వేరే డిగ్రీ చదివినవారు, నర్సులు

మన టీ బంకు తల్లి కూతురు బి.యస్సీ.లో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయన శాస్త్రం చదివింది. ఇలాంటివారు మళ్ళీ మొదటి నుంచి డిగ్రీ చదవనక్కర లేదు. ఆహారం, పోషణ విషయంలో ఎం.యస్సీ.కి హోమ్ సైన్స్ వారినే కాక, రసాయన, జీవశాస్త్రాలు లేక జీవరసాయనం చదివినవారిని కూడా తీసుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అన్నీ తీసుకోవు. కాబట్టి ప్రకటనలో "అర్హత" అని రాసిన భాగం మొదట చదవాలి.

మన ఊళ్ళోనే రెండు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. 1954లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోను, 1983లో స్త్రీల కోసమే స్థాపించిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోను హోమ్ సైన్స్ విభాగాలు ఉన్నాయి. ఆడపిల్లను దూరం పంపడానికి జంకే ఇళ్ళకు ఇది పెద్ద వరం. పి.జి. సీట్ల కోసం మన రాష్ట్రంలో 2021 నుంచి ఏపీ పీజీసెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష పెడుతున్నారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పేరు కూడా గుర్తుంచుకోండి. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక చిన్న గదిలో మొదలైన పని అది. 1958లో హైదరాబాదుకు మారింది. అక్కడ అనువర్తిత పోషణలో ఎం.యస్సీ. ఉంది. దానికి వేరే ప్రవేశ పరీక్ష రాయాలి.

ఇక మన నర్సుల సంగతి. బి.యస్సీ. నర్సింగ్ చదివినవారిని పోషకాహార పి.జి. కోర్సులకు ఒప్పుకునే చోట్లు ఉన్నాయి. జి.యన్.యం. డిప్లొమా కాబట్టి అది మాత్రమే ఉంటే నేరుగా పి.జి.కి కుదరదు. ముందు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.యస్సీ. నర్సింగ్ చేసి డిగ్రీ సంపాదించాలి. వార్డులో రోగులను చూసిన నర్సుకు ఈ చదువు సగం తెలిసినట్టే. రోగి పళ్ళెంలో ఎంత మిగిలిందో మొదట చూసేది ఆమే కదా!

ఆసుపత్రి శిక్షణ మరువకండి

ఎం.యస్సీ. పట్టా చేతికి వచ్చాక కూడా ఒక మెట్టు ఉంది. పెద్ద ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. ట్యూబు ద్వారా ఆహారం ఇవ్వడం, కాలిన గాయాలున్నవారికి లెక్క కట్టడం, నెలలు నిండక పుట్టిన బిడ్డ తల్లికి నచ్చజెప్పడం పుస్తకంలో రావు. 1963లో ఏర్పడిన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ తరఫున రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష జరుగుతుంది. తగిన చదువు, ఆసుపత్రి శిక్షణ రెండూ ఉన్నవారే దానికి కూర్చోగలరు. చిత్తూరు వారికి బస్సులో గంట దూరంలో వేలూరు సి.ఎం.సి. ఉంది. 1900లో డాక్టర్ ఐడా స్కడర్ ఒక్క పడకతో మొదలుపెట్టిన ఆ ఆసుపత్రి డైటెటిక్స్ శిక్షణకు పేరున్న చోటు. ఏ ఏడు ఏ కోర్సు ఉందో వారి ప్రాస్పెక్టస్ చూడండి.

చట్టం ఏమంటుంది?

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం ఒక జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో డైటీషియన్, న్యూట్రిషనిస్టు వృత్తులను పేరు పెట్టి చేర్చారు. ఆరోగ్య వృత్తి నిపుణుల డిగ్రీకి కనీసం 3,600 గంటల శిక్షణ ఉండాలని ఆ చట్టం చెబుతోంది. ఆరు నెలల కోర్సులో రోజుకు రెండు గంటల చొప్పున లెక్క వేసుకున్నా 360 గంటలు. అంటే పదో వంతు. ఆ తల్లికి మా మేడమ్ ఈ లెక్కే కాగితం మీద వేసి చూపించారు.

రెండో సంగతి దూరవిద్య గురించి. ఉద్యోగం చేస్తూ, పిల్లలను చూసుకుంటూ దూరవిద్యలో పోషకాహారం చదివినవారు చాలామంది ఉన్నారు. అయితే ఈ చట్టం కిందికి వచ్చే కోర్సులను, ఆహారం, పోషణ, క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్‌తో సహా, దూరవిద్యలోను, ఆన్‌లైన్‌లోను నడపరాదని యు.జి.సి. 2025లో ఆదేశించింది. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి కొత్త ప్రవేశాలు ఇవ్వరాదని చెప్పింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా "ఇంట్లో కూర్చుని డైటెటిక్స్ డిగ్రీ" అని చెబితే డబ్బు కట్టకండి.

విదేశాలకు పోవాలనుకునేవారు

మన కుటుంబాల్లో అమెరికాలో బిడ్డలున్నవారు ఉన్నారు. అక్కడ చాలామంది మొదట కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు తక్కువ ఫీజుతో చదివి, తర్వాత విశ్వవిద్యాలయానికి మారతారు. ఏ కాలేజీ సబ్జెక్టు ఏ విశ్వవిద్యాలయంలో చెల్లుతుందో ముందుగానే ఒప్పందాలు రాసి ఉంటాయి. అక్కడ కూడా ఎక్కువమందికి ఆటంకం రసాయన శాస్త్రమే. దాన్ని ఆలస్యం చేసినవారు ఏడాది నష్టపోతారు. 2024 జనవరి 1 నుంచి అక్కడ రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి అయింది. కనీసం 1,000 గంటల పర్యవేక్షిత శిక్షణ కూడా కావాలి. అంటే ఏ దేశంలోనైనా ఈ వృత్తికి చదువు పెరుగుతోంది గానీ తగ్గడం లేదు.

డబ్బు కట్టే ముందు అడగవలసినవి

1. ఈ పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం పేరేమిటి? దానికి యు.జి.సి. గుర్తింపు ఉందా?
2. ఇది డిగ్రీనా, డిప్లొమానా, ఉత్త సర్టిఫికెట్టా?
3. క్లాసులు నేరుగా జరుగుతాయా?
4. ఆసుపత్రిలో శిక్షణ ఎన్ని వారాలు? ఏ ఆసుపత్రిలో?
5. ఇది చదివినవారు రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు అర్హులా?
6. ఫీజు మొత్తం ఎంత? హాస్టల్, పరీక్ష, ల్యాబ్ ఫీజులు కలిపి చెప్పారా? ప్రభుత్వ ఫీజు సాయం వర్తిస్తుందా?
7. మధ్యలో మానితే డబ్బు తిరిగి ఇస్తారా? రాసి ఇస్తారా?

ఈ ఏడింటికీ సూటిగా జవాబు చెప్పలేని చోట రూపాయి కూడా కట్టకండి.

చదివితే ఉద్యోగం ఉందా?

ఇది తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నే. ఆసుపత్రుల్లో, డయాలిసిస్ కేంద్రాల్లో, హాస్టళ్ళ వంటశాలల్లో, ఆహార పరిశ్రమల్లో, కాలేజీల్లో అవకాశాలు ఉన్నాయి. 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకంలో సూపర్‌వైజర్ పోస్టులకు హోమ్ సైన్స్, పోషకాహారం డిగ్రీలను అర్హతలుగా చూపుతూ మన రాష్ట్రంలో నోటిఫికేషన్లు వచ్చాయి. మొదట్లో జీతం గొప్పగా ఉండకపోవచ్చు, ఆ మాట దాచడం లేదు. కానీ షుగరు, రక్తపోటు, మూత్రపిండాల జబ్బులు ఇంటింటా ఉన్న ఈ రోజుల్లో ఈ పని అవసరం తగ్గేది కాదు.

ఆ తల్లి ఏం చేసింది?

అరవై వేలు కట్టలేదు. "ఇంకా రెండేండ్లు చదివించాల్నా? సంబంధాలు వస్తా ఉండాయి మేడమ్మా" అని మాత్రం కొంచెంసేపు ఆలోచించింది. లోపల డయాలిసిస్ మంచం మీద ఉన్న తండ్రి ఆ మాట విన్నాడు. "సంబంధాలు మళ్ళా వస్తాయిలే. దాన్ని చదవనీ" అన్నాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు పి.జి. ప్రవేశ పరీక్షకు చదువుతోంది. నాన్న డయాలిసిస్ రోజున పుస్తకం వెంట తెచ్చుకుని అదే బెంచీ మీద కూర్చుంటుంది. సందేహం వస్తే మా ఆహార విభాగం తలుపు తడుతుంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ఆసక్తి ఉన్న పిల్లలు ఉంటే, డబ్బు కట్టక ముందు, టి.సి. తీసుకోక ముందు, ఒక్కసారి మార్కుల జాబితాలు తీసుకుని మా దగ్గరకు రండి. కూర్చుని చూద్దాం.